మిద్దె తోటకు పీట్ లేని మంచి కంపోస్ట్‌ను ఎలా గుర్తుపట్టాలి?

ముందు మీరు అడిగింది క్లుప్తంగా చెప్పి, తర్వాత జవాబులోకి వస్తాను. హైదరాబాద్ నిజాంపేటలో మీ మిద్దె మీద ముప్పై గ్రో బ్యాగులు ఉన్నాయి. పోయిన ఏడాది ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిన ‘ఆర్గానిక్ కంపోస్ట్’ కలిపితే టమాటా, వంగ మొక్కల ఆకులు పసుపుపచ్చబడిపోయి, మొక్కలు జానెడు దాటి ఎదగలేదు. ఈసారి మృగశిర కార్తెకి మళ్లీ నాటాలనుకుంటున్నారు. నర్సరీ అతను విదేశాల నుంచి వచ్చిన పీట్ మాస్ (చిత్తడి నేలల్లో తవ్వి తీసిన నాచు) మిక్స్ తీసుకోమంటున్నాడు. ఇంగ్లండ్‌లో ఉన్న మీ అక్క మాత్రం పీట్ జోలికి పోవద్దు, ‘పీట్ ఫ్రీ’ అని రాసి ఉన్నదే కొనమంటోంది. ఎవరి మాట వినాలి, మంచి కంపోస్ట్ అని చూసి ఎలా తెలుసుకోవాలి అన్నది మీ ప్రశ్న.

మీ అక్క మాట వినండి. కాకపోతే ఆవిడ చెప్పింది సగమే. పీట్ లేదని తెలిస్తే సరిపోదు, దాని బదులు సంచిలో ఏముందో, అది ఎంతవరకు చివికిందో తెలియాలి. మీకు పోయిన ఏడాది దెబ్బ తగిలింది అక్కడే అనిపిస్తోంది. మీరు కొన్న సంచిలో కూడా పీట్ ఉండి ఉండదు కదా!

పీట్ సంగతి ముందు తేల్చేద్దాం. చలి దేశాల్లో ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండే చిత్తడి నేలల్లో స్పాగ్నం అనే నాచు పెరుగుతుంది. అడుగున గాలి అందక అది పూర్తిగా కుళ్లదు, పొర మీద పొర పేరుకుంటుంది. అలా పేరుకున్నదే పీట్. ఏడాదికి పెరిగేది సుమారు ఒక మిల్లీమీటరు. మన హనుమకొండ వేయిస్తంభాల గుడి కట్టింది 1163లో. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా పేరుకున్న పీట్ అంతా కలిపినా మీటరు మందం ఉండదు. దాన్ని యంత్రాలతో తవ్వి, ఎండబెట్టి, సంచుల్లో నింపి, ఓడల్లో మన దాకా తెస్తున్నారు. భూమ్మీద నేలలో పీట్ నేలలు 3 శాతమే అయినా, ప్రపంచంలోని అడవులన్నీ కలిపి దాచుకున్న దానికంటే ఎక్కువ కార్బన్ వాటిలో ఉంది. తవ్వి గాలి తగలనిస్తే ఆ కార్బన్ అంతా మెల్లగా ఆకాశంలోకి పోతుంది. అందుకే ఇంగ్లండ్‌లో ఇంటి తోటల వాళ్లకు పీట్ అమ్మకుండా నిషేధం తెస్తామని 2022 ఆగస్టులో ప్రభుత్వం ప్రకటించింది. 2024 అని పెట్టుకున్న గడువు దాటిపోయింది కానీ, అక్కడి తోటమాలుల్లో చాలామంది ఆ మాట కోసం ఆగకుండా ముందే మానేశారు. మీ అక్క పట్టుదల అక్కడి నుంచి వచ్చింది.

ఆ సంగతి పక్కన పెట్టి, హైదరాబాద్ మిద్దె మీద మొక్కకు ఏది నప్పుతుందని చూసినా పీట్ మనకు సరిపడదు. అది ఒక్కసారి పూర్తిగా ఎండిందంటే నీళ్లు పీల్చుకోదు. ఏప్రిల్‌లో రెండు రోజులు ఊరెళ్లి వచ్చి నీళ్లు పోస్తే, అవి కుండీ అంచు వెంట జారి కింద రంధ్రంలోంచి బయటికి వచ్చేస్తాయి. వేరు దగ్గర పొడిగానే ఉంటుంది. కొబ్బరి పొట్టుకు ఈ గుణం తక్కువ, ఎండినా మళ్లీ తడి పట్టుకుంటుంది. పైగా పీట్‌లో మొక్కకు తిండి దాదాపు ఉండదు, పులుపు గుణం ఎక్కువ. అంత దూరం నుంచి వచ్చిన సంచికి అంత డబ్బు పెట్టి, మళ్లీ అందులో మనమే ఎరువు కలుపుకోవాలి.

ఇక్కడ ఒక మాట. ఇప్పుడు చెప్పిన కొబ్బరి పొట్టునే కోకోపీట్ అని అమ్ముతారు. పేరులో పీట్ ఉన్నా అది పీట్ కాదు. కొబ్బరి డొక్క నుంచి పీచు తీసినప్పుడు రాలే పొట్టు అది. మాది కోనసీమ. పీచు మిల్లుల పక్కన ఆ పొట్టు గుట్టలు గుట్టలుగా పడి ఉండేది. కొత్త గుట్ట ఎర్రగా, పొడిపొడిగా ఉండి దాని మీద ఏమీ మొలిచేది కాదు. నాలుగైదు వానాకాలాలు చూసిన పాత గుట్ట నల్లబడి, మీద గడ్డి మొలిచేది. మా నాన్నగారు పూలమొక్కల కోసం ఎప్పుడూ ఆ గడ్డి మొలిచిన గుట్టలోంచే గంపకెత్తించేవారు. ఎందుకని అప్పుడు అడగలేదు. హైదరాబాద్‌లో నా నారు మాడిపోయాకే ఆ సంగతి అర్థమైంది.

అది 2016. ఒక దుకాణంలో కోకోపీట్ బ్లాకులు కొని, నానబెట్టి, సగానికి సగం వర్మీ కంపోస్ట్ (వానపాముల ఎరువు) కలిపి ట్రేలలో అరవై దాకా టమాటా నారు పోశాను. మొలకలు బాగానే వచ్చాయి. పదో రోజుకి ఆకుల అంచులు కాగితం కాలినట్టు గోధుమరంగుకి తిరిగాయి. తెగులేమో అనుకుని వేపనూనె కొట్టాను. మూడు వారాలకి ఏడు మొక్కలు మిగిలాయి. కారణం ఉప్పు. కొబ్బరి డొక్కల్ని చాలాచోట్ల ఉప్పు కలిసిన కాలవ నీళ్లలో నానబెడతారు, కొబ్బరికి సహజంగానే పొటాషియం ఎక్కువ. మంచినీళ్లతో కడగకుండా నొక్కి బ్లాక్ చేస్తే ఆ సోడియం, పొటాషియం అంతా అందులోనే ఉంటుంది. ఊళ్లో ఆ పాత గుట్టను కడిగింది వానలు. నేను కొన్నదాన్ని ఎవరూ కడగలేదు.

కాబట్టి కోకోపీట్ కొనేటప్పుడు ‘వాష్డ్’ (కడిగినది), ‘లో ఈసీ’ అని ఉన్నదే అడగండి. ఈసీ అంటే ఉప్పు ఎంతుందో చెప్పే అంకె. ఈసీ 0.5 లోపు అని రాసి ఉంటే సరైనది. రాసి ఉన్నా ఇంట్లో ఒకసారి చూసుకోండి. ఆర్‌ఓ నీళ్లు చూసుకునే టీడీఎస్ పెన్ (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) మీ ఇంట్లో ఉంటే అదే చాలు. ముందు మీ కుళాయి నీళ్లు కొలవండి. తర్వాత ఆ నీళ్లతోనే కోకోపీట్ నానబెట్టి, ఒక గంట ఆగి, గుప్పెడు తీసుకుని గిన్నెలోకి పిండి ఆ నీళ్లు కొలవండి. రెండింటి మధ్య తేడా 250 లోపు ఉంటే నేను వాడేస్తాను. అంతకంటే ఎక్కువ ఉంటే గోనెసంచిలో వేసి, నీళ్లు పోసి, వంచేసి, మళ్లీ కొలుస్తాను. మామూలుగా రెండు మూడు కడుగుళ్లకు దిగుతుంది. మీది బోరు నీళ్లయి, వాటి టీడీఎస్సే ఎనిమిది వందలు ఉంటే మాత్రం ఎన్నిసార్లు కడిగినా అంతకంటే కిందికి దిగదు. ఆఖరి కడుగు వాన నీళ్లతోనో మంజీరా (మున్సిపల్ కుళాయి) నీళ్లతోనో కానివ్వండి.

టమాటా, మిరప వేసేవాళ్లకు ఇంకొక్క మెట్టు ఉంది. పొట్టు రేణువులకు అంటుకున్న సోడియం, పొటాషియం ఉత్త నీళ్లకు పూర్తిగా వదలవు. కాల్షియం ఉంటే వాటిని తోసేసి ఆ చోట్లో అది కూర్చుంటుంది. ఈ పని ముందే చేయకపోతే మొక్కకు అందాల్సిన కాల్షియాన్ని పొట్టే లాక్కుంటుంది, టమాటా కాయ అడుగు నల్లగా చితికినట్టు అవుతుంది. నేను 5 కిలోల బ్లాకుకి 100 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లు పోసి, రాత్రంతా ఉంచి, పొద్దున ఒకసారి కడిగేస్తాను. రసాయనం వద్దనుకుంటే మట్టి మిశ్రమంలో బ్యాగుకి ఒక గుప్పెడు జిప్సం కలపండి. అంత త్వరగా పనిచేయదు కానీ పనిచేస్తుంది.

ఇక అసలు విషయం, కంపోస్ట్. కోకోపీట్ నీళ్లు పట్టుకోవడానికి, కంపోస్ట్ తిండికి. ఈ రెంటినీ ఒకటనుకుని ఉత్త కోకోపీట్‌లో మొక్క పెట్టి, ఎదగడం లేదని బాధపడేవాళ్లను చాలామందిని చూశాను.

మీ మొక్కలు ఎందుకు పచ్చబడ్డాయో నా అంచనా చెబుతాను. ఆ కంపోస్ట్ పచ్చిది. ఆకులు, రంపపు పొట్టు, చెరకు పిప్పి లాంటివి పూర్తిగా చివకకముందే పొడి చేసి సంచికెత్తితే, మిగతా చివకడం మీ గ్రో బ్యాగులో జరుగుతుంది. ఆ పని చేసే సూక్ష్మజీవులకు నత్రజని కావాలి. అది సంచిలో చాలినంత లేకపోతే మట్టిలో ఉన్నదాన్ని అవే తినేస్తాయి. మొక్కకు మిగలదు. ముందు కింది ఆకులు పచ్చబడి, తర్వాత మొక్కే ఆగిపోతుంది. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా ఇదే. అందుకే మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 ప్రకారం ఊరి చెత్తతో చేసే సిటీ కంపోస్ట్‌లో కార్బన్, నత్రజని నిష్పత్తి 20 లోపు ఉండాలి, అంటే ఒక వంతు నత్రజనికి కార్బన్ 20 వంతుల లోపే. తేమ 15 నుంచి 25 శాతం మధ్య, ఈసీ 4 దాటకుండా ఉండాలి. సేంద్రియ కార్బన్ సిటీ కంపోస్ట్‌లో కనీసం 12 శాతం, వర్మీ కంపోస్ట్‌లో కనీసం 18 శాతం ఉండాలి. సంచి మీద ఈ అంకెలు, తయారీ నెల, తయారీదారు చిరునామా ఉన్నాయా చూడండి. ‘100 శాతం ఆర్గానిక్’, ‘నల్ల బంగారం’ అని మాత్రమే ఉండి ఒక్క అంకె కూడా లేకపోతే ఆ సంచి నేను ముట్టుకోను.

తేమ అంకెను చిన్నచూపు చూడకండి. కంపోస్ట్ కిలోల లెక్కన అమ్ముతారు. తేమ 25 శాతం ఉన్న 50 కిలోల సంచిలో ఎరువు 37 కిలోలకు పైన ఉంటుంది. ముందే నీళ్లు చల్లి తేమ 50 శాతానికి తెచ్చి, అదే 50 కిలోలు తూచి నింపితే ఎరువు 25 కిలోలే. ధర మాత్రం అదే.

అంకెలు ఎలా ఉన్నా చేత్తో చూడకుండా పెద్ద సంచి కొనవద్దు. ముందు ఒక కిలో, రెండు కిలోలు తెచ్చుకోండి. మూతి విప్పగానే చెయ్యి లోపలికి, మధ్య దాకా పోనివ్వండి. వెచ్చగా తగిలిందంటే లోపల ఇంకా ఉడుకుతోంది, వాడకూడదు. గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకోండి. తొలకరికి తడిసిన మట్టి వాసన రావాలి. పొద్దున్నే గొడ్ల పాక తలుపు తీసినప్పటి ఘాటు కొడితే అమ్మోనియా, అది వేళ్లను కాలుస్తుంది. పులిసిపోయిన పిండి వాసన, మురుగు వాసన వస్తే గాలి ఆడకుండా కుళ్లిందని అర్థం. అసలు ఏ వాసనా లేకుండా బరువుగా ఉంటే ఇసుకో మట్టో కలిపి ఉంటారు. అనుమానం తీరాలంటే గాజు గ్లాసులో నీళ్లు పోసి రెండు చెంచాలు వేసి కలిపి పది నిమిషాలు వదిలేయండి. ఇసుక అడుక్కి చేరి గీత గీసినట్టు కనిపిస్తుంది. కొద్దిగా ఉంటే తప్పు లేదు. అడుగున మందంగా పేరుకుంటే మీరు డబ్బు పెట్టింది ఇసుకకే.

తర్వాత పిడికిలి బిగించి పిండండి. నీటి చుక్క రాలకుండా, చెయ్యి తెరిస్తే ముద్ద నిలబడి, వేలితో తాకితే విడిపోవాలి. నీళ్లు కారితే మీకు అమ్మింది నీళ్లే. అసలు ముద్ద కట్టకుండా దుమ్ములా రాలితే మరీ ఎండిపోయింది, దానికి ఒక వారం ముందు తడి పెట్టుకుని వాడవచ్చు. ఆకు ఆకులా, పుల్ల పుల్లలా ఇంకా గుర్తుపట్టగలిగితే అది కంపోస్ట్ కాలేదు. నాలుగు చిన్న పుల్లలుంటే ఫరవాలేదు, జల్లెడ పట్టుకోవచ్చు.

అన్నిటికంటే నేను నమ్మేది ఆవాల పరీక్ష. పోపుల పెట్టెలో ఆవాలు చాలు. రెండు పేపర్ కప్పులకు అడుగున చిల్లులు పెట్టండి. ఒకదాంట్లో ఉత్త ఎర్రమట్టి, రెండోదాంట్లో సగం ఎర్రమట్టి, సగం కొత్త కంపోస్ట్. రెంటిలోనూ ఇరవై గింజలు చల్లి వంటింటి కిటికీలో పెట్టండి. ఆవ మొలక చాలా సున్నితం, ఉప్పు ఉన్నా అమ్మోనియా ఉన్నా ముందు అదే చెబుతుంది. నాలుగో రోజు మొలకలు లెక్కపెట్టండి, పదో రోజు వరకు ఆకు రంగు చూడండి. నేను ఒకసారి రెండు వేర్వేరు వర్మీ కంపోస్ట్‌లు ఇలా పెట్టాను. ఒక కప్పులో పద్దెనిమిది మొలిచి, పదో రోజుకి రెండాకులూ వెడల్పుగా, ముదురాకుపచ్చగా నిలబడ్డాయి. రెండో కప్పులో తొమ్మిదే మొలిచాయి. వాటిని పీకి చూస్తే వేరు కొస గోధుమరంగులో, మొండిగా ఉంది. పైకి చూస్తే రెండు సంచులూ ఒకేలా నల్లగా ఉన్నాయి. రంగు చూసి కొని ఉంటే మోసపోయేదాన్ని.

పది రోజులు ఆగే తీరిక లేకపోతే, గుప్పెడు కంపోస్ట్ తడిపి జిప్ కవర్లో మూసి మూడు రోజులు నీడలో ఉంచండి. తెరిచినప్పుడు మట్టి వాసనే వస్తే చివికినదే. ఘాటు గానీ కుళ్లు గానీ వస్తే తిప్పి పంపేయండి.

ఏ రకం కొనాలి అంటారా? మీ ముప్పై బ్యాగులకు నా ఓటు బాగా చివికిన పశువుల ఎరువుకే, అది దొరక్కపోతే వర్మీ కంపోస్ట్. పశువుల ఎరువు కనీసం ఆరు నెలలు మాగి, నల్లగా, పొడిగా ఉండాలి. పేడ ఉండల ఆకారం కనబడకూడదు. ఒక్కోసారి అందులో బొటనవేలంత లావున్న, సున్నాలా ముడుచుకున్న తెల్ల పురుగులు కనిపిస్తాయి. కోనసీమలో కొబ్బరిచెట్ల మొవ్వు తినే కొమ్ము పురుగు పిల్లలు అవి, పెంటకుప్పల్లోనే పెరుగుతాయి. ఎరువును షీటు మీద పల్చగా పరిచి రెండు రోజులు ఎండ చూపించి జల్లించండి, ఏరి పారేయండి. వాటిని చూసి ఎరువంతా పారబోయాల్సిన పనిలేదు. వర్మీ కంపోస్ట్ అయితే టీపొడిలా చిన్న గుళికలుగా ఉండాలి. కోళ్ల ఎరువు కుండీలకు వద్దు, బాగా వేడి. సిటీ కంపోస్ట్ పూలమొక్కలకు వాడండి. ఆకుకూరలకు మాత్రం సీసం లాంటి భార లోహాల పరీక్ష రిపోర్టు చూపిస్తే తప్ప నేను వేయను, ఎందుకంటే చెత్త ఎంత బాగా వేరు చేశారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. నల్లగా చివికిన కొబ్బరి పొట్టు కంపోస్ట్ కూడా ఇప్పుడు దొరుకుతోంది. కాయిర్ బోర్డు (కొబ్బరి పీచు పరిశ్రమను చూసే కేంద్ర సంస్థ) వాళ్ల పిత్‌ప్లస్ అనే పుట్టగొడుగు జాతి శిలీంధ్రంతో పొట్టును నెల రోజుల్లో అలా మారుస్తారు. అది ఉత్త కోకోపీట్ కంటే చాలా నయం, ఎరువు బదులు మాత్రం కాదు.

మీ లెక్క ఇదిగో. పన్నెండు అంగుళాల గ్రో బ్యాగుకు సుమారు 20 లీటర్లు పడుతుంది, ముప్పైకి 600. పాత మట్టి పారేయకండి. అది చెడిపోలేదు, ఆకలితో ఉందంతే. పోయిన ఏడాది పచ్చిగా ఉన్నది ఈపాటికి బ్యాగులోనే చివికిపోయి ఉంటుంది. అన్నీ కుమ్మరించి, పాత వేళ్లు తీసేసి, మే ఎండలో వారం రోజులు ఆరనివ్వండి. దాంట్లోంచి 300 లీటర్లు తీసుకోండి. 150 లీటర్ల కంపోస్ట్, అంటే దాదాపు రెండు 50 కిలోల సంచులు. 5 కిలోల కోకోపీట్ బ్లాకులు రెండు, ఒక్కోటి నానితే 70 లీటర్ల దాకా ఉబ్బుతుంది. బ్యాగుకు గుప్పెడు వేపపిండి. నీళ్లు నిలుస్తున్నాయనిపిస్తే నాలుగు దోసిళ్ల ఊక కలపండి. మట్టి ఇంకా పెంచాలని చూడకండి. తడిసిన ఎర్రమట్టి లీటరు కిలోన్నరకు పైనే తూగుతుంది, శ్లాబు బరువు కూడా మనం చూసుకోవాలి కదా. కలిపిన మిశ్రమాన్ని తడిపి, కప్పి, నాటడానికి పదిహేను రోజుల ముందే బ్యాగుల్లో ఉంచేయండి. మృగశిరకి నాటాలంటే మే మూడో వారానికి కలపడం అయిపోవాలి, అంటే కోకోపీట్ కడగడం, ఆవాలు చల్లడం మే మొదటి వారంలోనే.

మీ అక్కకు కూడా ఒక మాట చెప్పండి. అక్కడి పీట్ ఫ్రీ సంచుల్లో కలప నార, చెట్టు బెరడు, తోట చెత్త కంపోస్ట్, మన దగ్గర నుంచీ శ్రీలంక నుంచీ వెళ్లిన కొబ్బరి పొట్టు ఉంటాయి. పైన ఎండినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది కాబట్టి వేలు పెట్టి చూసి నీళ్లు పోయమనండి. కలప నార నత్రజనిని లాక్కుంటుంది, అందుకని నెల దాటాక ద్రవ ఎరువు మొదలుపెట్టాలి. పోయిన ఏడాది నుంచి దుకాణం బయట వానలో పడి ఉన్న సంచి చవగ్గా ఇచ్చినా వద్దు.

ఆవాల కప్పులు పెట్టాక పదో రోజు రెండింటినీ పక్కపక్కన ఉంచి ఫొటో తీసి పెట్టండి. మొలకల లెక్కతో పాటు ఒక మొక్కను పీకి వేరు కొస కూడా కనబడేలా తీయండి. చూసి ఆ సంచి కొనాలో వద్దో చెబుతాను.